గాజు పగులుతుంది, స్ఫటికం చీలుతుంది

లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో పాత సామాన్లు అమ్మే ఒక చిన్న దుకాణం. స్నేహితురాలి పెళ్లికి కానుక వెతుకుతూ వచ్చిన షార్లట్ స్టాంట్ ముందు దుకాణదారు ఒక గిన్నె పెడతాడు. ఒకే స్ఫటికాన్ని తొలిచి చేసింది, పైన బంగారు పూత. అడిగిన ధర 15 పౌండ్లు. ఇంత అందమైనది ఇంత చవగ్గా ఎందుకొస్తోందని ఆమెకు అనుమానం. స్ఫటికం కూడా పగులుతుందా అని అడుగుతుంది. నాసి గాజులా పగలదు, లోపల చీలిక ఉంటే చీలుతుంది, అదైనా తన గీతల వెంబడి, తన నియమం ప్రకారమే చీలుతుందని అతను బదులిస్తాడు. హెన్రీ జేమ్స్ 1904లో ప్రచురించిన ‘ది గోల్డెన్ బౌల్’లో ఆ సంభాషణ చిన్నదే. అయినా నవలలో తర్వాత నడిచే రెండు కాపురాల కథ ఆ సంభాషణలో పడిన మాటలకు కట్టుబడే నడుస్తుంది.

నలభై ఏళ్ల తర్వాత, 1944 డిసెంబరు 26న, షికాగో సివిక్ థియేటర్‌లో టెనెసీ విలియమ్స్ నాటకం ‘ది గ్లాస్ మెనాజరీ’ తొలిసారి ప్రదర్శించారు. సెయింట్ లూయిస్‌లో ఇరుకైన అపార్ట్‌మెంటు. భర్త వదిలేసి వెళ్లిన తల్లి అమాండా, చెప్పుల గోదాములో పనిచేస్తూ కవిత్వం రాసుకునే కొడుకు టామ్, ఒక కాలు కాస్త ఈడ్చి నడిచే కూతురు లారా. ఆమె అలమరలో చిన్న చిన్న గాజు జంతువులు. చివరి దృశ్యంలో వాటిలోని ఒంటికొమ్ము గుర్రం కిందపడి కొమ్ము విరుగుతుంది.

ఈ రెండింటిలోనూ ఒక వస్తువు ముక్కలవడమే మలుపు. గిన్నె దేనికి ప్రతీక, గుర్రం దేనికి ప్రతీక అన్న చర్చ చాలా జరిగింది. దాన్ని పొడిగించే ఉద్దేశం నాకు లేదు. పగలబోయే వస్తువును, పగలబోయే మనిషిని ఈ ఇద్దరు రచయితలు ఇంగ్లీషులోని ఏ మాటలతో పట్టుకున్నారన్నదే ఇక్కడి విషయం. ఆ భాషలో ఈ పనికి మాటలు దండిగా ఉన్నాయి, అవి ఒకదానికొకటి బదులు రావు.

‘ఫ్రెయిల్’, ‘ఫ్రాజైల్’ రెండూ ఒకే లాటిన్ మూలంలోవి. ‘ఫ్రెయిల్’ ఫ్రెంచి మీదుగా ముందే వచ్చి మనుషుల దగ్గర స్థిరపడింది: వృద్ధులు, రోగులు, మనసు నిలుపుకోలేనివాళ్లు. తర్వాత వచ్చిన ‘ఫ్రాజైల్’ వస్తువుల మీద కుదురుకుంది, మనిషికి వాడితే ఆ మనిషి కాస్త వస్తువైపోతాడు. ‘డెలికేట్’లో మెచ్చుకోలు ఉంది, ఖరీదు ఉంది. ‘ఫ్లిమ్సీ’లో ఈసడింపు ఉంది, పల్చటి గుడ్డకీ పస లేని సాకుకీ అదే మాట. ‘బ్రిటిల్’ జాలి కోరదు. వంగకుండా విరిగే గుణాన్ని మాత్రమే చెబుతుంది, చాలాసార్లు ఎంతో గట్టివాటికే వర్తిస్తుంది. మన బడి పుస్తకాల్లో ‘పెళుసు’ అంటే ఇదే. ఇక ‘ఫ్లా’, ‘క్రాక్’, ‘స్ప్లిట్’ వేరే తెగ. అవి వస్తువు స్వభావం మాట ఎత్తవు. ఫలానా చోట ఫలానా లోపం ఉంది, కావాలంటే వేలు పెట్టి చూడండి అంటాయి.

విలియమ్స్ ‘ఫ్రాజైల్’ పక్షాన రాశాడు, జేమ్స్ ‘క్రాక్’ పక్షాన రాశాడు. శైలీభేదం అని సరిపెట్టుకోవడానికి వీల్లేనంత తేడా ఇది. ఒక మనిషిని ‘ఫ్రాజైల్’ అన్నాక ఆమె ముక్కలైతే కారణం ఆమెలోనే దొరికిపోతుంది. తగిలిన చెయ్యి ఎవరిదని అడిగేవాళ్లుండరు. ‘క్రాక్’ అన్నప్పుడు వెంటనే రెండు ప్రశ్నలు పుడతాయి: అది ఉందని ఎవరికి తెలుసు, తెలిసీ ఎందుకు చెప్పలేదు. ఈ లెక్కన జేమ్స్ మాటలు తన పాత్రలకు ఎక్కువ న్యాయం చేశాయని నేననుకుంటాను. విలియమ్స్ మాటలు లారాకు అన్యాయం చేశాయి. ఆ అన్యాయాన్ని ఆయన రాసిన సంభాషణే ఎదిరించింది. అందువల్లే అది గొప్ప నాటకమైంది.

ముందు జేమ్స్ సంగతి. దుకాణానికి షార్లట్ ఒంటరిగా రాలేదు. వెంట ప్రిన్స్ అమెరిగో ఉన్నాడు. వంశం పెద్దది, డబ్బు లేదు. అమెరికన్ కోటీశ్వరుడు ఆడం వర్వర్ కూతురు మాగీని కొద్దిరోజుల్లో పెళ్లాడబోతున్నాడు. షార్లట్ అతని పాత ప్రియురాలు, మాగీకి స్నేహితురాలు కూడా. ప్రిన్స్ గిన్నె వైపు ఒక్కసారి చూసి బయటికి నడుస్తాడు. షార్లట్ లోపలే ఉండి బేరం మాట్లాడుతుంది. బయటికొచ్చాక అతనికి 5 పౌండ్లని చెబుతుంది. అతను పగులు చూశానంటాడు, తన పెళ్లికి అది అపశకునం అంటాడు. ఆమెకు అందం కనిపించింది, అతనికి లోపం కనిపించింది. ఆ లోపాన్ని చూసినవాడే తర్వాత దాన్ని కప్పిపుచ్చే జీవితం గడుపుతాడు. షార్లట్ మాగీ తండ్రి ఆడంనే పెళ్లాడుతుంది, పాత ప్రియులు అత్తగారూ అల్లుడూ అవుతారు, పాత సంబంధం మళ్లీ మొదలవుతుంది.

దుకాణదారు వాడిన భాషను మళ్లీ చూడండి. అతను అబద్ధం ఆడలేదు. పగులు లేదని ఎక్కడా అనలేదు. లోపం ఉన్న వస్తువును తెలిసి కానుకగా ఇవ్వొచ్చా అని షార్లట్ అడిగితే, తెలిస్తే ఆ మాట చెప్పేస్తే సరిపోతుంది అన్న అర్థం వచ్చేలా జవాబిస్తాడు. పగలడం నీచమైన గాజుకు, చీలడం ఉన్నతమైన స్ఫటికానికి అని మాటల్ని రెండు అరల్లో సర్దుతాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. బండస్ఫటికానికి, అంటే క్వార్ట్జ్‌కు, నిజానికి గీతల వెంబడి చక్కగా చీలే గుణం దాదాపు లేదు. దెబ్బ తగిలితే అది కూడా గాజులాగే గవ్వ లోపలి వంపు లాంటి ముఖాలతో పగులుతుంది. కాఠిన్యం మాత్రం ఎక్కువ: మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7, మామూలు గాజు 5.5 దరిదాపుల్లో. అంటే దుకాణదారు చెప్పిన ఖనిజశాస్త్రం సరుకు అమ్ముకునేవాడి ఖనిజశాస్త్రం. జేమ్స్‌కు ఇది తెలుసా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఉన్నతమైనవి పగలవు, మహా అయితే పద్ధతిగా చీలతాయి అన్న నమ్మకం ఆ నవలలోని సంపన్నుల నమ్మకం. దాన్ని మొదట ఒక వ్యాపారి నోట పలికించడంలో జేమ్స్ చూపు ఎంత పదునైనదో తెలుస్తుంది.

ఆ నమ్మకం ఎంత లోతుగా పాకిందో ఇంకోచోట కనబడుతుంది. ఆడం వర్వర్ అమెరికాలో తన ఊళ్లో మ్యూజియం కట్టడానికి యూరప్ అంతా తిరిగి కళాఖండాలు కొనేవాడు. అల్లుణ్ణి కూడా అదే కంటితో మెచ్చుకుంటాడు. నువ్వు దోషం లేని స్ఫటికానివి అంటాడు. స్ఫటికాలకూ ఒక్కోసారి పగుళ్లుంటాయట, అప్పుడవి చవగ్గా దొరుకుతాయట, అని అల్లుడు నవ్వుతూ అంటాడు. బ్లూమ్స్‌బరీ గిన్నె అతని మనసులో ఉంది, మామగారికి దాని సంగతి తెలియదు. నిజం మాట రూపంలో బయటికొచ్చింది, వినేవాడికి చమత్కారంగా చేరింది. పగులు గురించి ఎంత మాట్లాడినా దాన్ని దాచేయవచ్చని ఈ ఒక్క సన్నివేశం చాలు చూపించడానికి.

సెయింట్ లూయిస్ అపార్ట్‌మెంటులో కూడా పగులును మాటతో కప్పే వ్యాపారి ఉంది. లారా తాను కుంటిదాన్నని అనబోతే తల్లి అమాండా ఆ మాట నోట రానివ్వదు. నీకున్నది చిన్న ‘డిఫెక్ట్’, పైకి కనిపించనంత చిన్నది అంటుంది. టామ్ ఆ మాట అన్నా గద్దిస్తుంది. అక్క లోకానికి కాస్త వింతగా కనిపిస్తుందని అతనంటే, వింత అనొద్దంటుంది. ఆమెకు ప్రతి మాట మీదా నిఘా. పెళ్లి సంబంధం కోసం పిలిపించిన అతిథి జిమ్ ఓకానర్ కూడా, తెలియకుండానే, దాదాపు అమాండా మాటల్నే లారాకు అప్పజెబుతాడు: చిన్న శారీరక లోపం, గమనించేంతటిది కాదు, నువ్వే ఊహలో పెద్దది చేసుకున్నావు.

బ్లూమ్స్‌బరీ వ్యాపారి, సెయింట్ లూయిస్ తల్లి ఇద్దరూ లోపాన్ని చిన్న మాటలో చుడతారు. అయితే వ్యాపారికి తర్వాత మనస్సాక్షి పని చేస్తుంది. చాలా రోజులకు మాగీ అదే దుకాణంలో అదే గిన్నెను తండ్రి పుట్టినరోజుకు కొంటుంది. ఎక్కువ ధర తీసుకున్నానని, అది కానుకకు పనికిరాదని చెప్పడానికి వ్యాపారి ఆమె ఇంటికి వస్తాడు. వచ్చి అక్కడి ఫోటోల్లో ప్రిన్స్‌ను, షార్లట్‌ను గుర్తుపడతాడు. ఒక వస్తువు పగులు గురించి నిజం చెప్పడానికి వచ్చినవాడు రెండు కాపురాల పగులును బయటపెట్టి వెళ్తాడు. అమాండాకు అలాంటి మలుపు లేదు. ఆమెది ప్రేమ, భయం, పేదరికం కలిసిన అబద్ధం. నాకు ఆమె మీద కోపం రాదు. పెళ్లికాని ఆడపిల్లకు 1930ల అమెరికాలో ఉన్న దారులేమిటో ఆమెకు బాగా తెలుసు. టైపింగ్ నేర్పించాలని చూసింది, అది కుదరలేదు. ఇక మిగిలింది సంబంధం ఒక్కటే. ఆ సంబంధానికి అడ్డొచ్చే మాటలన్నిటినీ ఇంట్లోంచి తరిమేసింది.

లారాకు అసలు హాని చేసిన మాట అమాండాది కాదు. అది నాటకకర్త రాసిన రంగనిర్దేశాల్లో ఉంది. పాత్రల పరిచయంలోనే విలియమ్స్ లారాను ఆమె గాజు బొమ్మల్లో ఒకటిగా చూపిస్తాడు. అలమరలోంచి కదిలించడానికి వీల్లేనంత ‘ఫ్రాజైల్’ అంటాడు. అతిథి వచ్చే సాయంత్రం ఆమెలో మెరిసిన అందానికి మళ్లీ అదే విశేషణం. ఆ వెలుగు నిజమైనదీ కాదు, నిలిచేదీ కాదని ముందే తేల్చేస్తాడు. సంగీతం ఎలా ఉండాలో చెబుతూ కూడా ‘డెలికేట్’ అన్న మాటనే ఆశ్రయిస్తాడు. సన్నగా తీసిన గాజును చూస్తే అందంతో పాటు అదెంత సులువుగా పగులుతుందో కూడా గుర్తొస్తుందంటాడు. ఈ మాటలు ఎంతో ప్రేమతో రాసినవి. ప్రేమతో రాసినా, తెర లేవకముందే లారా ముగింపును అవి నిర్ణయించేశాయి.

ఆ ప్రేమ ఎక్కడిదో అందరికీ తెలిసిందే. విలియమ్స్ అక్క రోజ్ మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలైంది. 1943లో ఆమెకు మెదడు శస్త్రచికిత్స, లోబాటమీ జరిగింది. నాటకం రంగస్థలానికి చేరింది ఆ మరుసటి ఏడాది చివర్లో. జీవితాంతం విలియమ్స్ ఆమె బాగోగులు చూసుకున్నాడు. 1996లో ఆమె చనిపోయేనాటికి తమ్ముడు పోయి పదమూడేళ్లయింది. ఈ చరిత్ర తెలిశాక రంగనిర్దేశాల్లోని ‘ఫ్రాజైల్’ను ఎవరూ తేలిగ్గా విమర్శించలేరు. అయినా విమర్శించాలి. రోజ్ తనంతట తాను పగల్లేదు. ఆమె మెదడులో కత్తి దించారు. దించినవాళ్లకు ఆమె గురించి ఒక వర్ణన సిద్ధంగా ఉండే ఉంటుంది, ఆ వర్ణన పేరుతోనే దించి ఉంటారు. ఒక మనిషిని సుకుమారమైన వస్తువుగా తేల్చడానికీ ఆ వస్తువును బాగుచేస్తామని ముందుకు రావడానికీ మధ్య దూరం చాలా తక్కువ.

ఇప్పుడు ఏడో దృశ్యానికి వద్దాం. ఇంట్లో కరెంటు పోయింది, కొవ్వొత్తి వెలుగులో లారా, జిమ్ నేలమీద కూర్చున్నారు. ఆమె ఒంటికొమ్ము గుర్రాన్ని అతని చేతికిస్తుంది. అది తన పాత బొమ్మల్లో ఒకటని, దాదాపు పదమూడేళ్లదని చెబుతుంది. తన చేతులు మోటువి, పట్టుకోనంటాడు జిమ్. ఫరవాలేదు, నీ మీద నమ్మకం ఉందంటుంది ఆమె. ఊపిరి తగిలినా పగులుతుందని హెచ్చరిస్తుంది, హెచ్చరిస్తూనే ఇస్తుంది. ఎక్కడ పెట్టమంటావని అతనడిగితే బల్లమీద పెట్టమంటుంది, వాటికీ అప్పుడప్పుడు చోటు మారడం ఇష్టమే అంటుంది. నాటకకర్త అలమరలోంచి కదిలించరాదన్న అమ్మాయి తన బొమ్మను తానే అలమర దాటించింది. పగిలే ప్రమాదం ఎంతో ఆమెకు తెలుసు. తెలిసి తీసుకున్న నిర్ణయం అది. ఆ తెలివిడి రంగనిర్దేశంలోని ‘ఫ్రాజైల్’లో ఎక్కడా లేదు.

పక్క సందులోని నాట్యశాల నుంచి వాల్ట్జ్ వినిపిస్తుంది. జిమ్ ఆమెను నాట్యానికి లేపుతాడు, ఇద్దరూ తిరుగుతూ బల్లకు తగులుతారు, గుర్రం పడుతుంది. జిమ్ కంగారు పడతాడు. లారా కంగారు పడదు. ఇదేమీ ఘోరం కాదంటుంది. గాజు ఎంత జాగ్రత్తగా ఉన్నా పగులుతుంది, వీధిలో వాహనాలు పోతుంటే అలమర అదిరి బొమ్మలు పడుతుంటాయంటుంది. ఈ మాటను విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదనిపిస్తుంది. నాకు ఇది నాటకంలోని అతి ముఖ్యమైన మాటల్లో ఒకటి. పగలడానికి కారణం చెప్పమంటే ఆమె గాజు గుణంతో మొదలుపెట్టి వీధి దాకా వెళ్లింది. అలమర అదురుతోంది, అందుకే పడుతున్నాయి. తన ఇంటి గోడల వెలుపల ఏముందో రచయిత కంటే ఆమె స్పష్టంగా చెప్పింది.

ఆ తర్వాత ఇంకా ధైర్యమైన మాట. కొమ్ము పోయిన గుర్రానికి శస్త్రచికిత్స జరిగిందనుకుంటానంటుంది. ఇక అది మిగతా గుర్రాలతో కలిసిపోతుంది, వింతగా అనిపించుకోదు అంటుంది. రోజ్ సంగతి తెలిసినవారికి ఆ మాట చదువుతుంటే గుండె పట్టేస్తుంది. విలియమ్స్ తన అక్కకు జరిగినదాన్ని లారా నోట ఓదార్పుగా పలికించాడు. మామూలుగా మారడం మేలేనేమో అని ఒక్క క్షణం ఆమె చేత అనిపించాడు. కాసేపటికే జిమ్ తాను బెట్టీ అనే అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెబుతాడు. అప్పుడు లారా ఆ గుర్రాన్నే అతని చేతిలో పెట్టి జ్ఞాపకంగా తీసుకెళ్లమంటుంది. పగిలిన వస్తువు ఏమవ్వాలో నిర్ణయించింది లారాయే.

దీనికి పక్కన జేమ్స్ గిన్నె పగిలే సన్నివేశం పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడ గిన్నె జారిపడలేదు. మాగీ స్నేహితురాలు ఫానీ అసింగమ్ దాన్ని రెండు చేతులతో పైకెత్తి నేలకు కొడుతుంది. గిన్నె రుజువు, రుజువు పోతే నేరం పోతుందని ఆమె ఆశ. అప్పుడే ప్రిన్స్ గదిలోకి వస్తాడు. గిన్నె మూడు ముక్కలైంది: రెండు సగాలు, విడిపోయిన పాదం. లోపలి పగులు వెంబడి అంత నున్నగా చీలింది గనక, దగ్గరికి చేర్చి పట్టుకునేది ఏదైనా ఉంటే నాలుగడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు గిన్నె చెక్కుచెదరనట్టే కనిపించేదట. ఈ ఒక్క వర్ణన కోసం నేను ఈ నవలను ఎన్నిసార్లయినా చదువుతాను. చీలిక శుభ్రంగా ఉంటే అబద్ధం ఇంకా నడుస్తుంది. మాగీ వంగి ముక్కలు ఏరుతుంది. ఒకసారి రెండింటినే మోయగలదు, పాదం కోసం మళ్లీ వెళ్తుంది. నిప్పుగూటి పై అరమీద మూడింటినీ చేర్చి నిలబెడుతుంది. అప్పుడు భర్తతో మాట్లాడటం మొదలుపెడుతుంది.

నాటకంలోనూ ముక్కలేరే ఘట్టం ఒకటుంది. మూడో దృశ్యంలో తల్లితో పోట్లాడి టామ్ విసిరిన కోటు అలమరకు తగిలి గాజు పగులుతుంది. తన ఒంటికే గాయమైనట్టు లారా అరుస్తుంది. టామ్ మోకాళ్లమీద కూర్చుని ముక్కలు ఏరతాడు. ఏదో అనాలని అక్క వైపు చూస్తాడు, అనలేకపోతాడు. మాగీకి ముక్కలు మాటలకు దారి తీశాయి, టామ్‌కు ముక్కలు మాటల్ని మింగేశాయి. ముందే ‘ఫ్రాజైల్’ అన్న తీర్పు ఉన్న ఇంట్లో క్షమాపణ చెప్పడానికి కూడా నోరు రాదు. ఎందుకంటే అలమర దగ్గర నిలబడిన ప్రతివాడూ ఎప్పటికైనా దోషే. చివరికి టామ్ ఇల్లు వదిలిపోతాడు. ఏ ఊళ్లో ఏ దుకాణం అద్దాల్లో రంగు సీసాలు చూసినా అక్కే గుర్తొస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు నాటకాల్లో అపరాధభావాన్ని ఇంత నిజాయితీగా చెప్పినవి కొద్ది. కానీ ఆ భావం లారాను మళ్లీ అద్దాల వెనక్కే నెట్టింది.

ఈ రెండు రచనల నడుమ కాలంలో గాజు గురించి ఒక ఇంజనీరు చెప్పినది ఈ వాదానికి దగ్గరగా వస్తుంది. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనశాలలో పనిచేసిన ఏ.ఏ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పత్రంలో, గాజు అణువుల బంధాల లెక్క ప్రకారం ఉండాల్సిన బలంలో చాలా తక్కువే ఎందుకు చూపిస్తుందో వివరించాడు. కారణం కంటికి కనిపించని సన్నని పగుళ్లు. లాగే బలమంతా ఆ పగుళ్ల కొసల దగ్గర పోగుపడుతుంది, అక్కణ్ణుంచి చీలిక పరిగెత్తుతుంది. అప్పుడే సాగదీసిన సన్నని గాజు పోగులు లావు కడ్డీలకంటే ఎన్నోరెట్లు బలంగా ఉన్నాయని కూడా కొలిచి చూపించాడు. నాటకం గాజును చూసిన తీరుకు ఇది సరిగ్గా ఎదురు. సన్నగా తీసిన గాజు బలహీనం కాదు. బలహీనత దాని మీద పడిన గీతలో ఉంది, గీత పడింది బయటి తాకిడి వల్ల. లారా తన అలమర గురించి చెప్పింది ఇదే.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి జేమ్స్‌కు మార్కులన్నీ వేసేస్తే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆయన భాషకూ ఒక చీకటి మూల ఉంది. ‘క్రాక్’ అని చెప్పాలంటే అది కనిపించాలి, చూసేవాళ్లకు చూడాలనిపించాలి. షార్లట్ విషయంలో ఎవరికీ చూడాలనిపించదు. ఆమె అందగత్తె, తెలివైనది, ధీమా గలది. ఆ నవలలో ఆమెను సుకుమారి అనేవాళ్లే లేరు. సంగతి బయటపడ్డాక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పరు. ప్రిన్స్ చెప్పడు, మాగీ చెప్పదు, ఆడం చెప్పడు. తెలియనిదాన్ని గురించి బాధపడుతూ ఆమె తమ నివాసమైన ఫాన్స్ భవనంలో అతిథులకు భర్త సేకరించిన అరుదైన కళాఖండాలు చూపిస్తూ వివరిస్తుంటుంది. ఆ గొంతు దూరం నుంచి విన్న మాగీకి అది నొప్పితో అరుస్తున్న ఆత్మలా వినిపిస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అయినా ఆపదు. షార్లట్‌ను భర్త అమెరికా తీసుకెళ్తాడు, మ్యూజియానికి చేరే మిగతా సరుకుతో పాటు. ఏ లోపమూ పైకి కనిపించని మనిషి పగిలితే జేమ్స్ పదకోశంలో దానికి చోటు లేదు. ‘బ్రిటిల్’ అన్న మాట ఆమెకు సరిపోయేది, గట్టిగా ఉండి వంగకుండా విరిగినవాళ్లకు పెట్టిన పేరది. జేమ్స్ ఆ దిక్కుకు పోలేదు. ఆమె అరుపును మాగీ చెవిలోంచి మాత్రమే మనకు వినిపించాడు. లారా కోసం ఏడ్చిన ప్రేక్షకులు షార్లట్ కోసం ఏడవలేదంటే, తప్పంతా పాఠకులది కాదు. విలియమ్స్ ప్రేమతో అతిగా చెప్పాడు, జేమ్స్ సంయమనంతో చెప్పకుండా వదిలేశాడు.

రంగస్థలం మీద మాత్రం విలియమ్స్ విశేషణాలు చేసిన నష్టం ఇప్పటికీ కొనసాగుతోంది. లారా వేషం కట్టే నటి మొదటి దృశ్యం నుంచే గొంతు తగ్గించి, భుజాలు ముడిచి, వాడిపోయి కనిపించాలని దర్శకులు అడుగుతారు. రంగనిర్దేశం అలాగే అంది మరి. 1950లో హాలీవుడ్ తీసిన సినిమా ఇంకో అడుగు వేసి, జిమ్ వెళ్లిపోయాక ఇంకొక అతిథి రాబోతున్నాడని ఆశ చూపించి ముగించింది. గాజు కాబట్టి పగిలింది, అతికిస్తే సరిపోతుంది అన్నట్టుగా. ఆ ముగింపు విలియమ్స్‌కు నచ్చలేదు.

అమెరికన్ సాహిత్యం మన ఎం.ఏ. తరగతుల్లో చెప్పేవారికి నా విన్నపం ఒకటి. ఏడో దృశ్యాన్ని మొదట రంగనిర్దేశాలు మూసి, సంభాషణ మాత్రమే చదివించండి. గుర్రాన్ని బల్లమీద పెట్టమన్నదెవరు, బల్లకు తగిలిందెవరు, పగిలాక ఎవరు కంగారుపడ్డారు, ఎవరు పడలేదు అని పిల్లల్ని అడగండి. ఆ తర్వాత బ్లూమ్స్‌బరీ దుకాణం అధ్యాయం తీయండి. అందులో పగులుకు వాడిన ప్రతి మాట కిందా గీత గీయించి, అది ఎవరి నోట వచ్చిందో పక్కన రాయించండి. రంగనిర్దేశాలను చివర్న తెరవండి. అప్పటికి వాళ్లకు లారా ఎవరో తెలిసి ఉంటుంది, విలియమ్స్ వాడిన విశేషణంతో వాళ్లే వాదించగలుగుతారు.